గ్యాసా, ఇండక్షనా, రైస్ కుక్కరా? మేధో వైకల్యం ఉన్నవాళ్లకు వంట నేర్పేముందు తేల్చుకోవాల్సినవి

"మావోడికి ఇరవై నాలుగేళ్లొచ్చేసినాయి టీచరమ్మా, ఇప్పటికీ పొయ్యి దగ్గరికి రానివ్వం." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేధో వైకల్యం ఉన్న పిల్లలున్న ఇళ్లకు వెళ్తే ఇలాంటి మాట ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. ఆ భయంలో తప్పులేదు. నిప్పు, కాగిన నూనె, కత్తి, ఆవిరి అన్నీ ఒక్క గదిలోనే ఉంటాయి. కానీ ఆకలేసిన ప్రతిసారీ ఆ అబ్బాయి ఎవరో వచ్చి పెట్టేదాకా కూర్చోవాల్సిందేనా? అమ్మకు జ్వరమొస్తే, ఇంట్లోవాళ్లు చావుకో పెళ్లికో వెళ్లాల్సొస్తే, రేపు అమ్మానాన్నలకు ఓపిక తగ్గిపోతే ఏం చేస్తాడు?

స్పెషల్ టీచర్‌గా నేను ఇలాంటి ఇళ్లతోనే పనిచేస్తాను. నేర్పుదామని నిర్ణయించుకున్నాక తల్లిదండ్రులు ముందు అడిగేది ఏ పొయ్యి కొనాలని. దానికి జవాబు చెప్పేముందు ఒక విషయం చెబుతాను. వంటలో చేతిపని కొంతే, మిగతాదంతా నిర్ణయాలు. బియ్యం ఎంత, నీళ్లు ఎన్ని, మంట ఎప్పుడు తగ్గించాలి, ఉడికిందా లేదా, ఎప్పుడు కట్టేయాలి. మన పిల్లల్లో చాలామందికి చెయ్యి బాగానే తిరుగుతుంది, నిర్ణయం దగ్గరే ఆగిపోతారు. మనం కొనే ప్రతి వస్తువూ వీటిలో ఒకటో రెండో నిర్ణయాలను తనమీద వేసుకుంటుంది. ప్రమాదం ఉన్న నిర్ణయాలను వస్తువుకి అప్పగించాలి. ఏం వండాలి, కారం ఎంత, ఎవరికి వడ్డించాలి అన్నవి మాత్రం ఆ మనిషికే వదలాలి. కింద చేసిన పోలికలన్నీ ఈ లెక్కలోనే చూడండి.

కొనేముందు కొన్నాళ్లు పక్కన నిలబడి చూడండి. కొందరు పొయ్యి వెలిగిస్తారు, కట్టేయడం మర్చిపోతారు. కొందరికి లైటర్ చప్పుడంటేనే హడల్. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే ఒక జన్యు స్థితి) ఉన్నవాళ్లలో చాలామందికి కండరాల పట్టు తక్కువ, వేళ్లు పొట్టి, కాబట్టి బరువు గిన్నె దించడం కష్టం. ఆటిజం కూడా ఉంటే కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుని బయటకు పరుగెత్తొచ్చు. ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం అని రాశారన్నది ఇక్కడ పనికిరాదు. ఒకే శాతం ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు పొయ్యిలు సరిపోవచ్చు.

ఏ పొయ్యి ఎవరికి

గ్యాస్ పొయ్యి దాదాపు ప్రతి ఇంట్లో ఉంది, అమ్మ వండుతుండగా చిన్నప్పట్నుంచీ చూస్తున్నదీ అదే. మంట కంటికి కనబడుతుంది, వెలిగిందో లేదో అనుమానం ఉండదు. ఇది చిన్న లాభం కాదు. చిక్కంతా వెలిగించడం దగ్గర, ఆపడం దగ్గర. ఒక చేత్తో నాబ్ లోపలికి నొక్కి తిప్పుతూ, అదే క్షణంలో రెండో చేత్తో లైటర్ కొట్టాలి. రెండు చేతులు ఒకేసారి రెండు వేరు పనులు చేయడం చాలామందికి చాలా ఆలస్యంగా వస్తుంది. పాలు పొంగి మంట ఆరిపోతే మామూలు పొయ్యిల్లో గ్యాస్ వస్తూనే ఉంటుంది. చున్నీ, వదులు చేతుల నైటీ కూడా ప్రమాదమే. గ్యాసే తప్పదనుకుంటే లైటర్ అక్కర్లేని ఆటోమేటిక్ పొయ్యి తీసుకోండి. రెగ్యులేటర్ తెరవడం, మూయడం మొదట్లో పెద్దవాళ్ల పనిగానే ఉంచండి. వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటకు వచ్చేయడం వంటకంటే ముందు నేర్పాల్సిన పాఠం. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, 1906కి ఫోన్ చేయాలి. గ్యాస్ లీకులకు ఏ కంపెనీ సిలిండర్‌కైనా ఇదే నంబరు.

ఇండక్షన్‌లో మంట లేదు, గిన్నె తీసేస్తే వేడి చేయడం ఆగిపోతుంది, టైమర్ పెడితే తనంతట తనే ఆగుతుంది. ఎప్పుడు ఆపాలన్న నిర్ణయాన్ని అది చాలావరకు మోస్తుంది. చాలామంది ఇండక్షన్ అంటే ఏ భయమూ లేదనుకుంటారు, అక్కడే జాగ్రత్త కావాలి. గిన్నె వేడికి కింది గాజు పలక కాలిపోతూ ఉంటుంది, చూడ్డానికి మాత్రం చల్లగా ఉన్నప్పటిలాగే ఉంటుంది. నిప్పు కనిపిస్తేనే వేడి అని నేర్చుకున్న పిల్లవాడు దానిమీద చెయ్యి ఆనిస్తాడు. ఇంకో చిక్కు బటన్లు. నున్నటి టచ్ ప్యానెల్ మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు, నొక్కినట్టు వేలికి తెలియదు, తడి చేత్తో సరిగా పనిచేయదు. లోపలికి దిగే బటన్లున్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. ఆన్‌కి పచ్చ స్టిక్కర్, ఆఫ్‌కి ఎర్ర స్టిక్కర్ వేసి, మిగతా బటన్లన్నీ ఇన్సులేషన్ టేపుతో కప్పేయండి. మన ఇళ్లలో ఉండే సత్తు గిన్నెలు దీనిమీద వేడెక్కవు. ఇనుమో, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలో కావాలి, అడుగు చదునుగా ఉండాలి. 15 ఆంపియర్ల ప్లగ్గు లేని వంటగదిలో మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకండి.

నన్నడిగితే ఎక్కువమందికి మొదటి వస్తువు కరెంటు రైస్ కుక్కరే. అది పనిచేసే తీరు తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి దాదాపు 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లన్నీ అన్నంలోకి ఇంకిపోయాక వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు లోపలున్న అయస్కాంతం పట్టు వదులుతుంది, మీట పైకి లేస్తుంది. అంటే ఉడికిందా, ఇప్పుడు ఆపాలా అన్న రెండు కష్టమైన నిర్ణయాలూ అదే తీసుకుంటుంది. వండే మనిషికి మిగిలేవి కొలవడం, కడగడం, గిన్నె తుడిచి పెట్టడం, మీట నొక్కడం.

చీపురుపల్లి వైపు ఒక ఇంట్లో ముప్పై దాటిన ఒకావిడ ఇలాగే నేర్చుకుంది. బియ్యం మూడుసార్లు కడిగి, కడుగునీళ్లు కుండీలో పోసి, గిన్నె అడుగు తువ్వాలుతో గుండ్రంగా తుడిచేది. అడుగు తడిగా ఉంటే పెట్టకూడదని ఆమెకు బాగా పట్టింది, గిన్నె తిప్పి వెలుగుకేసి చూసేది కూడా. మీట నొక్కాక మాత్రం గట్టు అంచు పట్టుకుని అక్కడే నిలబడిపోయేది, పిలిచినా కదిలేది కాదు. మీట టక్కుమనగానే వాళ్లమ్మకేసి తిరిగి "అయిపోనాది" అని గట్టిగా చెప్పేది. అందాకా బాగానే ఉంది. వెంటనే మూత తీసేసేది, ఆవిరి ముంజేతికి తగిలేది. దానికి ఉపదేశాలేం పనిచేయలేదు. పది నిమిషాల టైమర్ ఒకటి పెట్టాం. మీట టక్కుమంటే టైమర్ తిప్పాలి, టైమర్ గంట మోగితే పొడుగు చేతుల గ్లౌజు వేసుకుని మూతను తనకు ఎదురువైపుకి వంచుతూ తీయాలి. ఆగు అన్న మాట కంటే ఆగేటప్పుడు చేతికి ఒక పని ఇవ్వడం ఆమెకు సరిపోయింది.

ఇదే కుక్కర్లో పెసరపప్పు కిచిడీ అవుతుంది, ఆనపకాయ ముక్కలు, బంగాళదుంపలు ఉడుకుతాయి. పోపు వేయడం మాత్రం ఇందులో కుదరదు, దాన్ని చాలా తర్వాతకు వాయిదా వేయండి.

ప్రెషర్ కుక్కర్ జోలికి మొదటి ఏడాది పోవద్దని చెబుతాను. విజిల్స్ లెక్కపెట్టాలి, గ్యాస్కెట్ చూడాలి, ఆవిరి పూర్తిగా పోయిందో లేదో తేల్చుకోవాలి. అన్నీ నిర్ణయాలే, అన్నీ ప్రమాదం ఉన్నవే. కరెంటు కెటిల్ తనంతట తనే ఆగుతుంది గానీ మరిగే నీళ్లను ఎత్తి వంచాలి. చెయ్యి వణికేవాళ్లకు దానికంటే గుడ్లు ఉడికించే చిన్న మెషిన్ నయం.

మూర్ఛ ఉన్నవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మేధో వైకల్యం ఉన్నవాళ్లలో మూర్ఛ మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. వాళ్లకు మంట పొయ్యి వద్దు, మరిగే నూనె అసలే వద్దు. ఇండక్షన్ లేదా రైస్ కుక్కర్ గట్టు అంచు నుంచి లోపలికి జరిపి పెట్టి, ఎవరైనా పక్కన ఉన్నప్పుడే వండించండి. వేడి గిన్నె మోయించే బదులు కంచాన్నే గిన్నె దగ్గరికి తీసుకెళ్లే అలవాటు చేయండి. ఎంత తిన్నా ఆకలి తీరని ప్రేడర్-విల్లీ లాంటి స్థితి ఉంటే వంటగది తెరిచి ఉంచడమే మంచిది కాకపోవచ్చు, ముందు డాక్టరుతో మాట్లాడండి. ఎవరికైనా చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టాలి. పేస్టు, పసుపు, సిరా పూయొద్దు.

కరెంటు మీదే ఆధారపడేటప్పుడు మన ప్రాంతపు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. కుక్కర్ మాత్రమే తెలిసిన మనిషి అలాంటప్పుడు మళ్లీ ఆకలితో కూర్చుంటాడు. అందుకని పొయ్యి అక్కర్లేని వంట ఒకటి తప్పక నేర్పండి. తడిపిన అటుకుల్లో పెరుగు, ఉప్పు, తరిగిన కొత్తిమీర కలుపుకోవడం చాలు.

చెప్పడమా, బొమ్మలా, వీడియోనా

నోటితో చెప్పడం ఖర్చులేని పద్ధతి. "ముందు బియ్యం కడిగి నీళ్లు వంపేసి మళ్లీ రెండు గ్లాసులు పోసి పెట్టు" అన్న వాక్యంలో నాలుగు పనులున్నాయి. వినేవాళ్లకు చివరిదొక్కటే మిగులుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, మన గొంతు కూడా వంటలో ఒక దినుసైపోతుంది. అమ్మ "ఊఁ, తర్వాత?" అంటే గానీ చెయ్యి కదలదు. అమ్మ ఇంట్లో లేనినాడు వంట లేదు.

బొమ్మలు అలా మాయమైపోవు, గోడమీదే ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు విన్నదానికంటే చూసినదాన్ని బాగా గుర్తుపెట్టుకుంటారు, వాళ్లకు ఇవి మరీ మంచివి. ఇంటర్నెట్‌లో దొరికే గీతల బొమ్మలు తెచ్చి అంటించకండి. మీ వంటగదిలో, మీ గిన్నెలతో, ఫోనుతో ఫొటోలు తీయండి. ఫొటోలో నీలం టేపు చుట్టిన స్టీలు గ్లాసుంటే గట్టుమీద కూడా అదే గ్లాసుండాలి. ఒక ఫొటోలో ఒక్క పనే, చేతులు మాత్రమే కనబడేలా, వెనక ఇంకేమీ లేకుండా తీయండి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీసి లామినేషన్ చేయిస్తే తడికి పాడవదు. పని అయ్యాక ఆ కార్డు బోర్లించడం కూడా నేర్పండి, లేకపోతే ఉప్పు వేశానా లేదా అన్న అనుమానంతో రెండుసార్లు వేస్తారు.

వీడియో ఎక్కడ పనికొస్తుందంటే కదలిక ముఖ్యమైన చోట. నిమ్మకాయ ఎలా పిండాలో, పిండి ఉండకట్టకుండా ఎలా కలపాలో ఫొటో చెప్పలేదు. వంటంతా చూపించే పది నిమిషాల వీడియో వల్ల లాభం తక్కువ. పావు నిమిషం ముక్కలుగా తీసి, ఒక ముక్క చూడటం, ఆపడం, చేయడం, మళ్లీ తర్వాతి ముక్క. ఫోనుతో వచ్చే తంటా మీకు తెలిసిందే, వంట వీడియో పక్కనే పాటల వీడియో ఉంటుంది. అలాంటి వాళ్లకు నెట్ కట్టేసిన పాత ఫోను ఇవ్వండి. నా అనుభవంలో గోడమీద ఫొటో కార్డులు, కష్టమైన ఒకటి రెండు పనులకు మాత్రం వీడియో, ఈ కలయిక ఎక్కువ ఇళ్లలో నిలిచింది.

ఏది వాడినా మీరు మౌనంగా ఉండడం సాధన చేయాలి. కార్డు చూపించి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఏమీ అనకండి. కదలకపోతే వేలితో చూపించండి. అప్పటికీ రాకపోతే మీరు చేసి చూపించండి. చెయ్యి పట్టుకుని చేయించడం ఆఖరి మాట, అది కూడా వాళ్లు ఒప్పుకుంటేనే.

మొదటి నుంచా, చివరి నుంచా

నిమ్మకాయ పులిహోర తీసుకోండి. మామూలుగా మనం బియ్యం కడగడం నుంచి మొదలుపెడతాం. అతను బియ్యం కడుగుతాడు, మిగతాది అమ్మ చేసేస్తుంది. గంట తర్వాత కంచంలోకి వచ్చిన పులిహోరకీ, తను చేసిన పనికీ సంబంధమే కనబడదు. తిరగేసి చూడండి. అన్నం వండి చల్లార్చడం, పోపు పెట్టడం అంతా అమ్మ చేస్తుంది. నిమ్మకాయ పిండి, కలిపి, కంచాల్లో పెట్టి "తినండి" అని పిలిచేది అతను. మొదటి రోజే వంట పూర్తి చేసినవాడవుతాడు. అది బాగా వచ్చాక దానికి ముందు పని, పళ్లెంలో అన్నం పరిచి చల్లార్చడం కూడా అతనికి ఇవ్వండి. అలా వెనక్కి వెళ్తూ ఉండండి.

త్వరగా విసిగిపోయేవాళ్లకు, ఇంతకుముందు "నీకు రాదులే" అని చాలాసార్లు విన్నవాళ్లకు నేను చివరి నుంచే మొదలుపెడతాను. వరస మారితే అల్లాడిపోయే ఆటిజం ఉన్న పిల్లలకు మాత్రం ఇది నచ్చదు. మధ్యలోంచి దిగడం వాళ్లకు టెన్షన్. వాళ్లతో చిన్న వంట ఒకటి ఎంచుకుని మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి రోజూ అదే వరసలో చేయించండి.

కోయడం, కొలవడం

కత్తిపీట మన ఇళ్లలో తాతల కాలం నాటిది. నేలమీద స్థిరంగా ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ. కానీ పదును పైకే ఉంటుంది, కూరగాయతో పాటు వేళ్లు కూడా దానికేసే వెళ్తాయి. నేర్చుకునేవాళ్లకు అది వద్దు. చిన్న చాకుతో మొదలుపెట్టండి. ముందు అరటిపండు, తర్వాత ఉడికిన బంగాళదుంప, ఆ తర్వాత బెండకాయ. కోసే పలక కింద తడిగుడ్డ పరిస్తే జారదు. ఉల్లిపాయకి తాడు లాగే చాపర్ మంచిది, రెండొందలు మూడొందల రూపాయల్లో దొరుకుతుంది, కోసేటప్పుడు చెయ్యి బ్లేడుకి దూరంగా ఉంటుంది. కడిగేటప్పుడు మాత్రం ఆ బ్లేడు చాకు కంటే పదును, ఆ పని మీరు చేయండి.

అసలు కత్తే అక్కర్లేని పని మన వంటల్లో ఎంతుందో చూడండి. తోటకూర గిల్లడం, చిక్కుడుకాయలు ఈనె తీసి తుంచడం, కరివేపాకు దూయడం, వెల్లుల్లి వలవడం. ఇవి పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఇచ్చే పనులని తీసిపారేయకండి. చిక్కుడుకాయ కూర మొత్తానికి కోయడమనే దశే లేకుండా ఒక మనిషి చేసుకోగలడు.

కొలతల్లో తూకం యంత్రాలు, గీతల కప్పులు అవసరం లేదు. బియ్యానికి ఒకటికి రెండు నీళ్లు అనేకంటే రెండు గ్లాసులు పెట్టండి. ఎర్ర టేపున్న చిన్న గ్లాసు బియ్యానికి, దానికి సరిగ్గా రెట్టింపు పట్టే నీలం టేపు పెద్ద గ్లాసు నీళ్లకి. రెండూ ఒక్కోసారి నింపితే చాలు, లెక్కపెట్టే పనే లేదు. ఉప్పు డబ్బాలో అరచెంచా పట్టే చెంచా ఒక్కటే ఉంచండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల వల్ల ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెప్పిన ఇళ్లలో ఈ చెంచా మొత్తం కుటుంబానికి పనికొస్తుంది.

మొదటి వంట ఏది అన్నదాన్ని మీరు తేల్చకండి. "ఏం వండుకుంటావ్?" అని అడిగితే చాలామంది జవాబు చెప్పలేరు, ప్రశ్న మరీ పెద్దది. ఒక చేత్తో టమాటా, ఇంకో చేత్తో ఆనపకాయ ముక్క చూపించి ఆగండి. చెయ్యి దేనివైపు వెళ్తే అదే ఆ రోజు పప్పులో పడుతుంది. చోడి (రాగి) అంబలి మనకు రోజూ తాగేదే అయినా మొదటి వంటగా పెట్టుకోకండి. పిండిని చల్లటి నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ, ఆపకుండా తిప్పాలి, ఒకేసారి రెండు చేతుల పని.

ఇంట్లోనా, సెంటర్లోనా

మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో బడి వయసు పిల్లలకు స్పెషల్ టీచర్లు, ఫిజియోథెరపీ దొరుకుతాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, పనిని చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే పద్ధతిని తల్లిదండ్రులకూ చెబుతుంది. కాకపోతే సెంటర్లో గ్యాస్ మీద నేర్చుకున్న వంట ఇంట్లో కుక్కర్ మీదకు తనంతట తను రాదు. గిన్నె మారితే, గట్టు ఎత్తు మారితే మళ్లీ కొత్త పనే. టీచరు దగ్గర పద్ధతి నేర్చుకోండి, వంట మాత్రం ఇంట్లోనే, రోజూ తినే వేళకే నేర్పండి.

డబ్బు తక్కువగా ఉంటే ఈ వరసలో కొనండి. ముందు రంగు టేపులు, టైమర్, ఫొటోల ప్రింట్లు. తర్వాత చాపర్. ఆ తర్వాత ఒక మీట మాత్రమే ఉండే చిన్న రైస్ కుక్కర్, రెండు మూడు వేలలో వస్తుంది. 6000 రూపాయల దివ్యాంగుల పింఛను వస్తున్న ఇళ్లలో దాన్ని ఆ డబ్బుతోనే, ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి కొనండి. షాపులో రెండు మూడు మోడళ్ల మీట వాళ్లచేతే నొక్కించి చూడండి. ఏది తేలిగ్గా దిగి, గట్టిగా టక్కుమంటుందో అది తీసుకోండి. ఇండక్షన్ పొయ్యి మాత్రం రైస్ కుక్కర్ అలవాటయ్యాకే. అప్పుడు ఇంట్లోంచి చిన్న అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లి, గిన్నెల అడుగున ఆనించి చూసి మరీ కొనండి.